నాలుగు చక్రాలూ లాగితే ఎంత తాగుతుంది?

ఖరీదైన సెడాన్‌లో నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తిని అందించే ఆల్-వీల్ డ్రైవ్ ఉందనగానే వినేవారి నోట మొదట వచ్చే ప్రశ్న మైలేజీ గురించే. ప్రశ్న సహజమే గాని, దాని వెనుక ఉన్న ఊహలో ఒక పొరపాటు ఉంది. రెండు చక్రాలకు బదులు నాలుగు చక్రాలను తిప్పాలంటే ఇంజిన్ ఆ మేరకు ఎక్కువ కష్టపడాలని మనం అనుకుంటాం. నిజానికి ఒక వేగంతో కారును ముందుకు నడపడానికి కావలసిన బలం ఎన్ని చక్రాల ద్వారా అందినా దాదాపు అంతే ఉంటుంది. అదే బలాన్ని రెండు చోట్లకు బదులు నాలుగు చోట్లకు పంచుతున్నాం, అంతే. అదనపు ఖర్చు ఆ పంపకానికి అమర్చిన యంత్రాంగం దగ్గర పుడుతుంది.

ఆ యంత్రాంగంలో గేర్‌బాక్స్‌ను అంటిపెట్టుకుని శక్తిని రెండు వైపులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, అక్కడి నుంచి రెండో యాక్సిల్ (ఇరుసు) వరకు ఒక షాఫ్ట్, ఆ యాక్సిల్‌కు రెండు పక్కల చక్రాలకూ శక్తిని పంచే మరో డిఫరెన్షియల్, దాని నుంచి చక్రాలకు రెండు చిన్న షాఫ్టులు ఉంటాయి. వీటన్నిటి బరువు కలిపి సాధారణంగా 50 నుంచి 100 కిలోల మధ్య తేలుతుంది. బరువు ఒక్కటే అయితే పెద్ద చిక్కు లేదు. షాఫ్ట్ తెచ్చిన తిప్పుడును పక్కకు మళ్లించే హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక జారుతాయి కూడా. పైగా అవి చిక్కటి నూనెను చిలుకుతూ తిరుగుతాయి. చల్లటి ఉదయాన బండి తీసిన మొదటి కొన్ని కిలోమీటర్లలో ఈ చిలుకుడు నష్టం మరీ ఎక్కువగా ఉంటుంది.

లెక్క వేసి చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 1,900 కిలోల బరువు, 0.26 గాలి నిరోధక గుణకం, 2.3 చదరపు మీటర్ల ముఖ వైశాల్యం ఉన్న సెడాన్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సమతల రహదారిపై పోతున్నదనుకుందాం. గాలిని చీల్చుకుపోవడానికి సుమారు 280 న్యూటన్లు, టైర్ల దొర్లుడు నిరోధాన్ని అధిగమించడానికి సుమారు 190 న్యూటన్లు, మొత్తం 470 న్యూటన్ల బలం కావాలి. ఈ బలంతో వంద కిలోమీటర్లు నడిస్తే 47 మెగాజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, అందులో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు చేరుతుందనుకుంటే, ఆ వంద కిలోమీటర్లకు సుమారు 5.9 లీటర్లు పడుతుంది. ఇప్పుడు ఈ కారుకు ఆల్-వీల్ డ్రైవ్ కోసం మరో 80 కిలోలు కలిపి చూడండి. దొర్లుడు నిరోధం 8 న్యూటన్లు పెరుగుతుంది, అంటే మొత్తంలో రెండు శాతం కూడా కాదు. గేర్లలోనూ నూనెలోనూ పోయేది దీనికి మరికొన్ని శాతాలు జత చేస్తుంది.

ఊళ్లో నడిపేటప్పుడు కథ వేరు. అక్కడ గాలి కంటే బరువుదే పెత్తనం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న 1,900 కిలోల కారులో సుమారు 183 కిలోజౌళ్ల గతిజశక్తి ఉంటుంది. ఎర్ర దీపం చూసి బ్రేకు వేసిన ప్రతిసారీ అదంతా బ్రేకు డిస్కులలో వేడిగా మారిపోతుంది. మళ్లీ ఆ వేగాన్ని అందుకోవడానికి, అదే నాలుగో వంతు లెక్కన, 23 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే ఒక్కొక్క కూడలికి నాలుగైదు టీస్పూన్లు. అందులో ఆల్-వీల్ డ్రైవ్ బరువు వాటా ఒక మిల్లీలీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ముందు దీపం ఎర్రబడడం దూరం నుంచే గమనించి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసే అలవాటు ఉన్న డ్రైవరు, ఇంజనీర్లు ఏళ్ల తరబడి గేర్లను సానబెట్టి మిగిల్చినదాని కంటే ఎక్కువే మిగల్చగలడు.

ఇంజనీర్లు ఊరుకున్నారని కాదు. సాధారణ రోడ్డు కార్లలో ఆల్-వీల్ డ్రైవ్‌ను 1966లో జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ కారు పరిచయం చేసింది. 1980లో జెనీవా కార్ల ప్రదర్శనలో వచ్చిన ఆడీ క్వాట్రో దానికి పేరు తెచ్చింది. వాటిలో నాలుగు చక్రాలకూ శక్తి ఎప్పుడూ అందుతూనే ఉండేది. ఇప్పటి చాలా కార్లలో కంప్యూటర్ నడిపే బహుళ పలకల క్లచ్ అవసరమైనప్పుడే రెండో యాక్సిల్‌కు శక్తిని పంపుతుంది. ఆడీ 2016లో తెచ్చిన క్వాట్రో అల్ట్రా మరో అడుగు వేసి, అవసరం లేనప్పుడు వెనుకకు పోయే షాఫ్ట్‌ను తిరగకుండా పూర్తిగా విడదీస్తుంది.

అన్నీ కలిసి మైలేజీ లీటరుకు 11 కిలోమీటర్ల నుంచి 10.5కు పడిపోయిందనుకుంటే, ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే కారుకు అదనంగా పట్టేది సుమారు 65 లీటర్లు. ఏ ధరతో గుణించినా, ఈ తరగతి కారుకు అది టైర్ల జత ఖరీదుకు చేరదు. పెట్రోలు బంకులో కనిపించే ఖర్చు కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం గాని, నా దృష్టిలో ఆల్-వీల్ డ్రైవ్ అసలు వసూలు చేసేది టైర్ల దుకాణంలోనే.

కారణం చాలా సరళమైనది. కొత్త టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు టైర్లు 4 మిల్లీమీటర్లకు అరిగి ఉండగా వెనుక రెండూ కొత్తవి వేయించారనుకోండి. కొత్త టైరు వ్యాసార్ధం 335 మిల్లీమీటర్లయితే, అరిగినదానిది 331. కిలోమీటరు దూరానికి కొత్త టైరు 475 చుట్లు తిరిగితే, అరిగినది దాదాపు 481 తిరగాలి. అంటే తిన్నని రోడ్డు మీద, ఏ చక్రమూ జారకపోయినా, రెండు యాక్సిళ్ల మధ్య ప్రతి కిలోమీటరుకూ ఆరు చుట్ల తేడా వస్తుంది. దాన్ని మింగవలసింది మధ్యలో ఉన్న క్లచ్ పలకలే. అవి శక్తిని పంపుతున్నంతసేపూ ఒకదానిపై ఒకటి రాసుకుంటాయి, వేడెక్కుతాయి, నూనె నల్లబడుతుంది. కొన్నాళ్లకు ఇరుకు మలుపుల్లో కారు పట్టి వదులుతున్నట్టు కుదుపుతుంది. అప్పుడు వచ్చే మరమ్మతు బిల్లు ముందు నాలుగు టైర్ల ఖర్చు చిన్నదైపోతుంది. అందుకే నాలుగు టైర్లనూ ఒకేసారి మార్చమనీ, గాడి లోతుల మధ్య తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటనివ్వవద్దనీ మాన్యువల్స్ చెబుతుంటాయి. ఒక్క టైరే పాడైనప్పుడు, కొత్త టైరును యంత్రంపై చెక్కి పాత మూడింటికి సమానంగా అరగదీయించేవారూ ఉన్నారు! డబ్బిచ్చి కొన్న రబ్బరును డబ్బిచ్చి తీసేయించడం విడ్డూరంగా తోచినా, లెక్క ప్రకారం అది తెలివైన పనే.

ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె జీవితాంతం సరిపోతుందని రాసి ఉన్నా, కారును ఎక్కువ కాలం ఉంచుకోదలచినవారు ఆ మాటను కొంత అనుమానంతో తీసుకోవడం మంచిది. పెట్రోలు విషయంలో మాత్రం మాన్యువల్ మాటే వినాలి: ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి కాదు, ముందుగానే మండిపోకుండా తట్టుకునే గుణం. టర్బో ఇంజిన్‌కు తక్కువ ఆక్టేన్ పోస్తే, ఆ ముందస్తు మంటను నాక్ సెన్సర్ అనే పరికరం పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. శక్తి తగ్గి, బంకులో మిగిల్చిన డబ్బులో కొంత రోడ్డు మీదే పోతుంది.

విద్యుత్ సెడాన్లలో ఈ లెక్క తారుమారైంది. 2014లో టెస్లా మోడల్ ఎస్‌కు ముందొకటి, వెనుకొకటి రెండు మోటార్లు అమర్చినప్పుడు, అంతే సామర్థ్యం గల బ్యాటరీతో ఒక్క మోటారు కారు కంటే అది కొంచెం ఎక్కువ దూరమే నడిచింది. ఏ వేగంలో ఏ మోటారు పొదుపుగా పనిచేస్తుందో చూసి కంప్యూటర్ దానికే ఎక్కువ పని అప్పగించగలగడం అందుకు కారణం. రెండు యాక్సిళ్లనూ కలిపే ఇనుప షాఫ్ట్ లేదు కాబట్టి, గాడి లోతుల్లో తేడా వస్తే నలిగిపోయే క్లచ్ కూడా అక్కడ లేదు. బ్యాటరీ బరువు మూలంగా టైర్లు మాత్రం పెట్రోలు కార్లలో కంటే త్వరగా అరుగుతాయి.