కప్పు కొత్తిమీర అంటే ఎన్ని గ్రాములు? అపోహలు - వాస్తవాలు

వంట క్లాసు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, కప్పు కొత్తిమీర అంటే ఎన్ని గ్రాములు?" అడిగేవాళ్లను నేనేమీ అనను. కొలత తప్పితే చేసిందంతా పాడవుతుందేమోనన్న టెన్షన్ వాళ్లది. నా చిరాకంతా "కప్పు = 240 గ్రాములు" అని చార్టు గీసి ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే.

అపోహ: కప్పు ఏదైనా 240 గ్రాములే.

వాస్తవం: ఆ 240 మిల్లీలీటర్లు. నీళ్లకైతే గ్రాముల్లోనూ అదే అంకె వస్తుంది. ఆకుల దగ్గరికి వచ్చేసరికి కప్పులో ఆకు కంటే గాలే ఎక్కువ. కొత్తిమీర ఆకులు తుంచి వదులుగా నింపితే 16 గ్రాములకు అటూ ఇటూ తూగుతాయి. వాటినే వేళ్లతో అదమండి, సగానికి దిగిపోతాయి. పైన మళ్లీ నింపితే బరువు రెట్టింపు. కత్తికి పని చెబితే ఇంకా దిగుతాయి. కొత్తిమీరలాగే ఉండే పార్స్లీ ఆకు సన్నగా తరిగితే కప్పుకు 60 గ్రాముల దాకా వస్తుంది.

అందుకే "ఒక కప్పు తరిగిన పుదీనా" వేరు, "ఒక కప్పు పుదీనా, తరిగి" వేరు. మొదటిది తరిగి కొలవాలి, రెండోది కొలిచి తరగాలి. రాసినవాళ్లకే ఈ తేడా తెలియని రెసిపీలూ ఉన్నాయనుకోండి, అది వేరే కథ.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో నలుగురి రెసిపీని 80 మందికి పెంచాల్సి వచ్చింది. కప్పు పుదీనాను 20తో గుణించి, కప్పుకు 240 లెక్కన దాదాపు ఐదు కిలోలని చీటీ రాసిచ్చాను. బస్తా దిగింది. వదులుగా 20 కప్పులు కొలిచి తీశాక కూడా బస్తా బస్తాలాగే ఉంది. మిగిలిందంతా రెండు రోజుల్లో నల్లబడింది. అప్పట్నుంచి కొత్త రెసిపీ ఏదైనా మొదటిసారి కప్పుతో కొలిచి, అదే ఆకును కాటా మీద పెట్టి, గ్రాములు పక్కన రాసుకుంటాను. రెండోసారి నుంచి కప్పు ముట్టుకోను.

అపోహ: ఎండు ఆకైతే బరువులో మూడో వంతు చాలు.

వాస్తవం: మూడో వంతు లెక్క చెంచాలకు. టేబుల్ స్పూన్ పచ్చి ఆకు బదులు టీస్పూన్ ఎండుది. బేసిల్ లాంటి మెత్తటి ఆకు బరువులో 90 శాతానికి పైగా నీరే. 30 గ్రాములు ఎండితే మూడు గ్రాములు మిగలడం కష్టం. పది గ్రాములు వేశారంటే ఇక తిన్నట్టే!

అపోహ: కప్పు అన్ని దేశాల్లో ఒకటే.

వాస్తవం: కాదు. కొన్నిచోట్ల 240, కొన్నిచోట్ల 250 మి.లీ. ఆకులకు ఈ తేడా ఒక లెక్క కాదు, వదిలేయండి.

అపోహ: కాటా ఉంటే చాలు, పొరపాటు రాదు.

వాస్తవం: కడిగిన తడి ఆకు తూస్తే నీళ్లనూ తూసినట్టే. ఒక్కో గ్రాము చొప్పున చూపించే కాటా మీద రెండు గ్రాముల థైమ్ ఆకును నమ్మలేం, దాన్ని చెంచాతోనే కొలవండి. మిగతావాటికి నేను చేసేది ఇది: కడగకముందే కట్ట మొత్తాన్ని కాటా మీద పెట్టి సున్నా నొక్కుతాను. ఆకు తుంచి గిన్నెలో వేసుకుంటూ పోతాను, కాడలు కాటా మీదే ఉంటాయి. మైనస్ 20 కనిపించిందంటే గిన్నెలో 20 గ్రాముల ఆకు పడినట్టే.