ఆ సీసాలో పొడే ఎందుకు ఉంటుంది?

"పిల్లలకిచ్చే యాంటీబయాటిక్‌లో నీళ్లు కంపెనీవాళ్లే కలిపి అమ్మొచ్చుగా? ఆ పని మన నెత్తిన ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. నాకు భలే ఇష్టమైన ప్రశ్న.

పెన్సిలిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ సంగతే చూద్దాం. దాని బలమంతా నాలుగు పరమాణువుల చిన్న వలయంలో ఉంది: మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్. పేరు బీటా లాక్టమ్. పెన్సిలిన్‌లో ఈ వలయం ఉందని 1945లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌రేల సాయంతో తేల్చారు. పాఠాల్లో ఇక్కడ ఒక చదరం గీసేసి ముందుకెళ్లిపోతారు. అసలు కథ ఆ చదరంలోనే ఉంది!

109 నుంచి 120 డిగ్రీల కోణంలో హాయిగా ఉండాల్సిన బంధాలు ఇందులో 90 దగ్గరికి వంగి ఉంటాయి. అంటే ఇది ఎక్కుపెట్టిన విల్లు. బ్యాక్టీరియా గోడలోని పోగులను అడ్డంగా కలిపే ట్రాన్స్‌పెప్టిడేజ్ అనే ఎంజైమ్, తన మామూలు సరుకే అనుకుని ఈ అణువును పట్టుకుంటుంది. అంతే, నారి వదులుతుంది. వలయం తెరుచుకుని ఎంజైమ్‌కే అతుక్కుపోతుంది. గోడ పని ఆగిపోయి, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది.

చిక్కేమిటంటే, ఆ నారి వదలడానికి ఎంజైమే అక్కర్లేదు, నీటి అణువు తగిలినా చాలు. బాణం గాల్లోకి పోతుంది. అందుకే పొడిగా అమ్ముతారు. వేడి ఈ నష్టాన్ని తొందర చేస్తుంది కాబట్టి కాచిన నీళ్లు పూర్తిగా చల్లారాకే పోయాలి. కలిపాక ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ చెబుతుంది: అమాక్సిసిలిన్‌కు 7 నుంచి 14 రోజులు, దానికి తోడుగా క్లావులనేట్ అనే మరో మందు కలిసినదైతే ఫ్రిజ్‌లో పెట్టినా 7 నుంచి 10 రోజులే. క్లావులనేట్‌లోనూ ఇదే వలయం ఉంది, నీటికి అది ఇంకా తొందరగా లొంగిపోతుంది. అలాగని ప్రతి సీసానూ ఫ్రిజ్‌లో పెట్టకండి. ఈ వలయమే లేని క్లారిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ చల్లబడితే చిక్కబడుతుంది.

ఈ బాణం మన ప్రోటీన్లకూ తగలొచ్చు. కొందరిలో పెన్సిలిన్ అలర్జీకి మూలం అదే. మందు వేశాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

కలపడంలోనూ కిటుకుంది. సీసాను తట్టి పొడిని వదులు చేసి, సీసా మీది గీతకు కాస్త కిందిదాకా నీళ్లు పోసి బాగా కుదపాలి. నురగ దిగాక గీతదాకా నింపాలి. నురగనే మట్టమనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కనవుతుంది. పైగా ఇది సస్పెన్షన్, రేణువులు అడుగుకు దిగిపోతాయి. ప్రతిసారీ కుదపకపోతే మొదట్లో మందు తక్కువ, చివర్లో ఎక్కువ పడుతుంది. "పవర్ ఎక్కువ, సగమే పోద్దాం" అనే సొంత వైద్యం వద్దు. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు.

వంటింటి చెంచాతో అసలే కొలవొద్దు. ఒకే మందు 5 మి.లీ.కి 125 మి.గ్రా.గానూ, 250 మి.గ్రా.గానూ దొరుకుతుంది. సీసా మారితే అదే 5 మి.లీ. రెట్టింపు మోతాదు కావచ్చు. చీటీలో రాసిన మి.గ్రా.ను సీసా మీది అంకెతో సరిచూసి, ఎన్ని మి.లీ. ఇవ్వాలో ఫార్మసిస్టు చేతనే మందు సిరంజి మీద గుర్తు పెట్టించుకోండి.