ఆగడం మరిచిన గులాబీ

దసరా వెళ్ళి వానలు తెరిపి ఇచ్చాక మా మేడ మీద గులాబీలకు కత్తెర పడుతుంది. పచ్చగా కళకళలాడే మొక్కని సగానికి కొట్టేస్తుంటే మా అత్తయ్యకు ప్రాణం ఉసూరుమంటుంది. "పూసే చెట్టుని నరుకుతావేంటమ్మా" అని ఏటా అడుగుతుంది. నరికితేనే పూస్తుందని నేను చెప్పే మాట వెనక, ఎప్పుడో చైనాలో ఒక గులాబీకి జరిగిన ప్రమాదం ఉంది.

అడవి గులాబీల్లో చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. వసంతం దాటాక ఇక చాలని పూత ఆపేయించే జన్యువు వాటిలో ఉంటుంది. చైనా గులాబీలో, డీఎన్‌ఏలో చోట్లు మారుతూ తిరిగే ముక్క ఒకటి వచ్చి సరిగ్గా ఆ జన్యువులో ఇరుక్కుంది. ఆపేవాడే లేకుండా పోయాడు. అప్పట్నుంచి ఆ మొక్కకు కొత్త కొమ్మ వచ్చిందంటే దాని చివర మొగ్గ ఉన్నట్టే. ఈ సంగతి శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. 18వ శతాబ్దం చివరికల్లా 'ఓల్డ్ బ్లష్' లాంటి చైనా గులాబీలు యూరప్ చేరాయి. అక్కడి రకాలతో సంకరం చేస్తూ పోగా 1867లో ఫ్రాన్స్‌లో 'లా ఫ్రాన్స్' పుట్టింది. మనం నర్సరీల్లో కొనే పెద్ద పూల హైబ్రిడ్ టీ గులాబీల్లో మొదటిది అదేనని చెబుతారు.

కాబట్టి ఎన్ని కొత్త చిగుళ్లు వస్తే అన్ని పూలు. కొమ్మ కొసన తయారై కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోన్, కింది కణుపుల్లోని కళ్లను, అంటే కొత్త చిగుళ్లు పుట్టే చిన్న మొటిమల్ని, లేవనివ్వదు. కొస తెగితే ఆ పట్టు సడలుతుంది. అదొక్కటే సరిపోదు. గులాబీ కన్ను పగలాలంటే దాని మీద వెలుతురు పడాలి. అందుకే నేను మొక్క మధ్యలో అల్లుకున్న కొమ్మల్ని ముందు తీసేస్తాను, ఆ తర్వాతే బయటి వైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోస్తాను. అక్టోబరు మధ్యలో కత్తిరిస్తే 40-45 రోజులకు పూలు చేతికొస్తాయి.

డిసెంబరులో గిన్నెంత విచ్చుకున్న మొక్కే మే నెలలో చిన్న, పలచటి పువ్వు పూస్తుంది. ఎరువు చాలలేదేమోనని చాలామంది టెన్షన్ పడి ఇంకాస్త వేస్తారు. తప్పు ఎరువుది కాదు. అడవి గులాబీకి ఉండేవి 5 రేకలే. తోట గులాబీలో మిగతా రేకల్లో చాలా భాగం కేసరాలు కావలసినవి. కేసరాలను తయారు చేయించే జన్యువు చలిలో మందగిస్తుంది, వాటి చోట రేకలు వస్తాయి. వేడిలో ఇది తిరగబడి రేకలు తగ్గుతాయి. రంగు పదార్థం కూడా తక్కువగా తయారై పువ్వు వెలిసినట్టుంటుంది. ఎండాకాలంలో మొక్కకు కావలసింది నీళ్లు, మొదలు చుట్టూ ఎండుటాకుల పరుపు, మధ్యాహ్నం కాస్త నీడ. ఆ రోజుల్లో పూల కోసం దాన్ని పీడించకూడదు.

వానల్లో బాధ నల్ల మచ్చ తెగులు. ఆ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు దాదాపు 7 గంటలు తడిగా ఉండాలి. వానను ఆపలేం గానీ, మిగతా రోజుల్లో నీళ్లు పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే పోయొచ్చు.

ఇక మొక్క ఎంచుకోవడం. ఒకసారి ఒక నర్సరీలో పువ్వు చూసి ముచ్చటపడి ఎర్ర గులాబీ తెచ్చాను. రెండేళ్లకు అది ఏపుగా, ముళ్ల కంపలా పెరిగింది, ఒక్క ఎర్ర పువ్వూ లేదు. అంటు మొక్క అంటే రెండు మొక్కలు. వేరు ఒకదానిది, పువ్వు ఇంకొకదానిది. అంటు కింద నుంచి లేచిన పిలకల్ని నేను గమనించలేదు, అవి పై మొక్క నోరు కొట్టేశాయి. ఒక్కో రెబ్బకు ఏడు చిన్నాకులుంటే అది పిలకే అనే మాట నమ్మొద్దు, మంచి కొమ్మలకూ ఏడు వస్తాయి. మట్టి కాస్త తీసి అది ఎక్కడ పుట్టిందో చూడాలి. అంటు కిందైతే మొదలంటా పీకేయాలి, కోస్తే అక్కడే మళ్లీ లేస్తుంది. ఇప్పుడు కొనేటప్పుడు నేను పువ్వుకంటే ముందు అంటు చూస్తాను: గట్టిగా అతుక్కుందా, దాని పైనుంచి రెండు మూడు బలమైన కొమ్మలు వచ్చాయా అని.

మొదటిసారి పెంచేవాళ్లకు మాత్రం నేను చెప్పేది ఎడ్వర్డ్ గులాబీ. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, చైనా గులాబీ రక్తంతో పుట్టిన బర్బన్ గులాబీల జాతి ఇది. గులాబీ రంగు, మనసు నింపే వాసన. పువ్వు హైబ్రిడ్ టీలా కొలిచినట్టు ఉండదు, కానీ సొంత వేరు మీదే బతుకుతుంది, పిలక వచ్చినా అదే పువ్వు.

దాని కొమ్మలు కత్తిరించిన రోజు మాత్రం అత్తయ్య నన్నేమీ అనదు. పెన్సిల్ మందం ఉన్నవి ఏరుకుని, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చుతుంది. పోయినేడు గుచ్చినవాటిలో మూడు బతికాయి. ఈసారి వాటిని తనే కత్తిరిస్తానంది.