మృతుల స్మరణ: మన విచారణల్లో (పారిష్‌లలో) అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కతోలిక కుటుంబాలకు సమాధుల తోటలో గడ్డి పీకే రోజులు వచ్చాయి. నవంబరు 2 సకల మృతుల స్మరణ దినం. విశ్వాస పాఠాలు నేర్పే ఉపదేశులుగా మాకు ఎక్కువగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: మనవాళ్ళ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: కొవ్వొత్తి వెలిగించండి, మంచిదే. కానీ ఆత్మలకు అందే సాయం ప్రార్థన, దివ్యపూజ (గుడిలో ఫాదర్‌గారు అర్పించే మాస్), దానధర్మం. నవంబరు 1 నుంచి 8 వరకు ఏ రోజైనా సమాధుల తోటకు వెళ్ళి, మనసులోనైనా సరే, మృతుల కోసం ప్రార్థిస్తే శ్రీసభ (కతోలిక సంఘం) పాపశిక్షకు, అంటే క్షమాపణ దొరికాక కూడా పాపానికి మిగిలే శిక్షకు, పూర్తి విమోచనం ఇస్తుంది. అది ఉత్తరించు స్థలంలోని, అంటే పరలోకం చేరేముందు శుద్ధి పొందుతున్న, ఆత్మలకే చెందుతుంది. దానికి పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం (పూజలో అప్పం స్వీకరించడం), పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన కావాలి. ఒక పరలోకజపం, ఒక మంగళవార్త జపం చెబితే చాలు. ఏ పాపం మీదా, చిన్నదాని మీద కూడా, మక్కువ మిగలకూడదు. ఒకసారి చేసిన పాపసంకీర్తనం ఆ వారమంతటికీ పనికొస్తుంది. సత్ప్రసాదం, పోపుగారి కోసం ప్రార్థన మాత్రం ప్రతిసారీ ఉండాలి. ఈ విమోచనం రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. చాలామందికి తప్పిపోయేది సత్ప్రసాదమే. సాయంత్రం తోటకు వచ్చి, పూజకు వెళ్ళకుండానే ఇంటికి మళ్ళుతారు. పాపసంకీర్తనం ముందు ఆదివారమే చేసుకోండి. 2వ తేదీన ఫాదర్‌గారి దగ్గర వరుస తెమలదు.

అపోహ: పూజ ఒడియాలో జరిగితే మనవాళ్ళకు చెందదు.

వాస్తవం: ఏ భాషలో అర్పించినా అది క్రీస్తు బలే.

అపోహ: జ్ఞానస్నానం పొందని తాతమ్మ కోసం పూజ చెప్పించకూడదు.

వాస్తవం: చెప్పించవచ్చు. బతికున్నవారైనా చనిపోయినవారైనా, ఎవరి కోసమైనా గురువు (ఫాదర్) పూజ అర్పించవచ్చని శ్రీసభ చట్టం 901 చెబుతోంది. ఆత్మహత్య చేసుకున్నవారి విషయంలోనూ ఆశ వదులుకోవద్దని, వారి కోసం ప్రార్థిస్తామని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2283వ పేరాలో ఉంది. ఆ ఇంటివాళ్ళ ముందు నరకం మాట ఎత్తకండి.

అపోహ: డబ్బు లేనివాళ్ళకు పూజ లేదు.

వాస్తవం: కానుక ఇవ్వలేని పేదల కోసం కూడా పూజ చేయమని చట్టం 945 గురువులను గట్టిగా కోరుతోంది. సిగ్గుపడకుండా అడగండి. నవంబరు 2న గురువు మూడు పూజలు చేయవచ్చు. 1915లో 15వ బెనెడిక్టు పోపుగారు ఇచ్చిన అనుమతి అది. కానుక మాత్రం ఆ మూడింటిలో ఒక్క పూజకే తీసుకోవాలి. మిగతా రెండిటిలో ఒక పూజ మృతులందరి కోసం, మరొకటి పోపుగారి ఉద్దేశాల కోసం.

అపోహ: దహనం చేస్తే పునరుత్థానం ఉండదు.

వాస్తవం: 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది. బూడిదను మాత్రం నాగావళిలోనో వంశధారలోనో కలపకుండా తోటలో భద్రపరచాలి.

అపోహ: పరాయి సమాధితో మనకేం పని?

వాస్తవం: మాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. దేవుణ్ణి, పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రభువు రెండు ఆజ్ఞలనూ కలిపే చెప్పారు. చనిపోయినంత మాత్రాన పొరుగువాడు పొరుగువాడు కాకుండా పోడు. పిల్లలు విశాఖకో సూరత్‌కో వలసపోయిన ఇళ్ళవారి సమాధుల మీద తుప్పలు మొలిచి ఉంటాయి. మీ వాళ్ళది శుభ్రం చేశాక పక్క రెండిటి మీదా గడ్డి పీకండి. చెక్క సిలువకు చెద పట్టి పేరు పోతుంది కాబట్టి, విచారణ పుస్తకంలో చూసుకుని సిమెంటు పలకపై పేరు, సంవత్సరం చెక్కించండి. ఈ ఏడాదే మనిషిని పోగొట్టుకున్న ఇల్లు వాడలో ఉంటే దినం భోజనాల కోసం వాళ్ళతో అప్పు చేయించకండి. శ్రీసభ ఆ విందు అడగలేదు. ఆ వారం ఒక పూట కూర, అన్నం వండి పట్టుకెళ్ళండి, పూజకు వాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళండి.