గంగాళంలో రెండు సముద్రాలు

బుజ్జికి, చంటికి,

తాతయ్య ఆశీస్సులు. నేను పంపిన ఫొటో చూసి, "అది ఏఐ బొమ్మ తాతయ్యా, ఆఫ్రికాలో పెంగ్విన్లేంటి, అక్కడ ఎండలు మండిపోతాయి కదా" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. నాకు రోషం వచ్చింది. ఫోన్లో చెబితే సగంలో వదిలేసి కార్టూన్ చూస్తారని కాగితం, కలం తీశాను.

సంక్రాంతి వెళ్ళాక మేం నలుగురు ముసలాళ్ళం దక్షిణాఫ్రికా బయల్దేరాం కదా. అప్పుడు వాళ్ళకి ఎండాకాలం. డర్బన్‌లో దిగాం. 1860 నవంబరు 16న చెరకు తోటల్లో పనికి మద్రాసు నుంచి కూలీలను తెచ్చిన మొదటి ఓడ 'ట్రూరో' చేరింది అక్కడికే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వచ్చిన ఓడల్లో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. బీచిలో ఒక పెద్దావిడ మా మాటలు విని దగ్గరికొచ్చి "బాగుండారా?" అంది. మేం సంబరపడి తెలుగులో మొదలుపెడితే నవ్వేసింది. నాయనమ్మ దగ్గర విన్న ఆ ఒక్క మాటే తనకి మిగిలిందట.

డర్బన్ సముద్రం గోరువెచ్చన. మా ప్లీడరు తాతయ్య గంటసేపు నీళ్ళలోంచి లేవలేదు. అక్కణ్ణించి అద్దె కారులో తీరం పట్టుకుని పడమటికి వెళ్ళాం. పన్నెండో రోజున కేప్‌టౌన్. అక్కడ క్యాంప్స్ బే అనేచోట తెల్లటి ఇసుక, మాడు పగిలే ఎండ. ప్లీడరు తాతయ్య డర్బన్ ధైర్యంతో ఒక్క పరుగున దూకాడు. దూకినంత వేగంగానూ బయటికొచ్చాడు. పళ్ళు టకటకలాడుతుంటే తువ్వాలు కప్పుకుని పావుగంట నోరు మెదపలేదు. జడ్జీలు కూడా ఆయన్ని అంతసేపు ఆపలేకపోయారు!

ఒకే దేశం, ఒకే ఎండ. నీళ్ళకి ఇంత తేడా ఎందుకు?

మా చిన్నప్పుడు స్నానం దొడ్లోనే. రాగి గంగాళంలో సగానికి బావినీళ్ళు, వాటి మీద కాగులోంచి మరిగిన నీళ్ళు నెమ్మదిగా పోసేది మా నాయనమ్మ. కలపకుండా చెయ్యి పెడితే పైన చుర్రు, అడుగున జివ్వు. ఆదివారమైతే కుంకుడుకాయ తలంటు. ఆ రసం కళ్ళలో పడితే నేను గుడ్డిగా గంగాళం కోసం తడుముకుంటూ అరిచేవాణ్ణి, మా అన్నయ్య కావాలనే దాన్ని పక్కకి జరిపేవాడు. ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆ, గంగాళం.

ఆఫ్రికా తూర్పు తీరం వెంట అగుల్హాస్ అనే ప్రవాహం ఉత్తరం నుంచి వేణ్ణీళ్ళు మోసుకొస్తుంది. అది కాగు. పడమటి తీరం వెంట బెంగ్వెలా ప్రవాహం చన్నీళ్ళు తెస్తుంది. అది బావి. దానికి తోడు ఎండాకాలంలో ఆగ్నేయపు గాలి. ఊరిమీది మురికిగాలిని ఊడ్చేస్తుందని దాన్ని అక్కడివాళ్ళు 'కేప్ డాక్టర్' అంటారు. గంగాళంలో పై నీళ్ళని అరచేత్తో అవతలికి నెట్టినట్టు, పడమటి తీరంలో ఆ గాలి సముద్రం పై నీళ్ళని లోపలికి తోసేస్తుంది. ఖాళీ అయిన చోటుకి అడుగునీళ్ళు లేచి వస్తాయి. ప్లీడరు తాతయ్య దూకింది వాటిలోకే. ఇందులో భూమి తిరగడం సంగతి కూడా ఉంది, అది మీ సైన్సు మాష్టారిని అడగండి.

అడుగున పేరుకున్న ఎరువు కూడా ఆ నీళ్ళతోపాటు పైకొస్తుంది. (గంగాళంలో ఎరువెక్కడిదని అడక్కండి.) దాంతో కంటికి కనబడని నాచు పెరుగుతుంది. నాచు ఉన్నచోట చేపలు, చేపలున్నచోట మీ ఏఐ పెంగ్విన్లు.

కేప్‌టౌన్ దగ్గరి సైమన్స్ టౌన్ అనే ఊళ్ళో, బౌల్డర్స్ బీచిలో వాటిని చూశాం. మీ స్కూలు బ్యాగు కన్నా కొంచెం ఎత్తుంటాయి. అరిస్తే అచ్చం గాడిద ఓండ్ర! కళ్ళ పైన గులాబీ రంగు మచ్చ ఉంటుంది. ఒళ్ళు వేడెక్కితే రక్తం అక్కడికి ఎక్కువగా పారి వేడిని బయటికి వదిలేస్తుందట. 1982లో రెండు జంటలు ఆ బీచిలో గూడు పెట్టాయి, అలా అక్కడ కాలనీ మొదలైంది. మొత్తం మీద మాత్రం వాటి జాతి తరిగిపోతోంది. 2024లో వాటిని అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఒకప్పుడు మనుషులు వాటి గుడ్లు పట్టుకుపోయారు. పేరుకుపోయిన రెట్టలో గుంత తవ్వి గూడు పెట్టుకునేవి, పొలాలకు ఎరువని ఆ రెట్టనీ తవ్వుకుపోయారు. ఇప్పుడు వాటి చేపలూ మనకే కావాలి. పక్షి రెట్టను కూడా వదలని వాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

కేప్‌టౌన్ చేరకముందు ఆఫ్రికా కొట్టకొస, అగుల్హాస్ అగ్రం దగ్గర ఆగాం. ఎడమ పక్క హిందూ మహాసముద్రం, కుడి పక్క అట్లాంటిక్ అని రాయి మీద రాసుంది. రెండు రంగుల నీళ్ళు, మధ్యలో గీత ఉంటాయేమోనని నేనూ వెతికాను. అలలే తప్ప గీత లేదు. ఆ వెచ్చని ప్రవాహం ఇంకా దక్షిణానికి పోయి, అట్లాంటిక్ గుమ్మం దాకా వెళ్ళి, గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు వందల కిలోమీటర్ల వెడల్పున్న వేడినీటి సుడులు తెగిపోయి, అట్లాంటిక్‌లోకి తిరుగుతూ తిరుగుతూ కొట్టుకుపోతాయి. దానికి నా దగ్గర పోలిక లేదర్రా. గంగాళం చాల్లేదు. ఆ రాయి దగ్గర చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

ఆదివారం పొద్దున అమ్మనడిగి బకెట్లో సగం చన్నీళ్ళు పట్టండి. గీజరు నీళ్ళు చెంబుడు తీసుకుని చిటికెడు పసుపు కలిపి, అంచు వెంట మెల్లగా పొయ్యండి. కలపకండి. పక్కన కూర్చుని పసుపు ఎటు పోతుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య