క్లీన్ చేసాక సీపీయూ ఆన్ అవట్లేదా? బోర్డు పోయిందని అప్పుడే అనుకోకండి

వైజాగ్‌లో సిస్టమ్స్ రిపేర్ చేస్తుంటాను. పండక్కి ఇల్లు దులిపే రోజుల్లో మా దగ్గరకి ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఒకటే, "నిన్నటిదాకా బానే ఉందండి, దుమ్ము క్లీన్ చేసాం, ఇంక ఆన్ అవట్లేదు". అప్పటికే ఎవరో ఒకరు బోర్డు పోయిందని చెప్పేసుంటారు, అది నమ్మి కొత్త బోర్డు, దానికి సరిపడే ప్రాసెసర్, ర్యామ్ అని పిల్లల ఫీజు డబ్బులు పెట్టేస్తుంటే నిజంగా బాధేస్తుంది. అందుకే జనం తరచూ అనే మాటలు, వాటి వెనక అసలు సంగతి రాస్తున్నా.

అపోహ: ఆన్ అవట్లేదంటే మదర్‌బోర్డ్ డెడ్.

క్లీనింగ్‌కి ముందు పని చేసింది కదా, అలాంటప్పుడు ముందు వెతకాల్సింది మీ చెయ్యి తగిలిన చోటే. అసలు ఏమీ కదలట్లేదా? ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) వెనక చిన్న స్విచ్ ఉంటుంది, తుడిచేటప్పుడు అది ఆఫ్ అయిపోయి ఉంటుంది, చూడండి. తర్వాత బోర్డుకి వెళ్ళే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి, ఆ తర్వాత పవర్ బటన్ నుంచి వచ్చే సన్నటి వైరు. ఈ వైరు ఎటు తిప్పి పెట్టినా పర్లేదు, ప్లస్ మైనస్ గొడవ లైట్ల వైర్లకే, కానీ ఒక్క పిన్ను పక్కకి జరిగినా బటన్ ఎంత నొక్కినా ఏమీ అవ్వదు.

అపోహ: ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి పవర్ అంతా కరెక్టే.

ఫ్యాన్‌కి 12 వోల్టులు అందితే చాలు, తిరుగుతుంది. ప్రాసెసర్‌కి వేరే కనెక్టర్ ఉంటుంది, బోర్డు పై మూలలో 4 లేదా 8 పిన్నులది, అది ఊడితే చాలా బోర్డుల్లో ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతూనే ఉంటాయి గానీ డిస్ప్లే రాదు, పైగా అది కూలర్ (ప్రాసెసర్‌ని చల్లబరిచే ఫ్యాన్) చాటున ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్ళు మానిటర్ కేబుల్ పొరపాటున బోర్డు పోర్టుకి పెట్టేసి నో సిగ్నల్ అంటారు, కార్డుకే పెట్టాలి.

అపోహ: ర్యామ్‌ని ఎరేజర్‌తో రుద్దితే ఏదైనా లేస్తుంది.

ఇది సగం నిజం. మెత్తటి పెన్సిల్ ఎరేజర్‌తో మెల్లగా రుద్దితే ర్యామ్ అంచున బంగారు రంగు కాంటాక్టుల మీద పట్టిన పొర పోతుంది. కానీ ఇంకు చెరిపే గరుకు ఎరేజర్‌తో గట్టిగా రుద్దితే ఆ బంగారు పూతే పోతుంది, అది చాలా పల్చన. ఎరేజర్ పొడి స్లాట్‌లో పడితే అదో కొత్త సమస్య. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మంచిది, ఇంట్లో ఉన్న శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి. అసలు చాలాసార్లు తప్పు తుడవడంలో ఉండదు, ర్యామ్ పూర్తిగా దిగకపోవడంలో ఉంటుంది, జనం భయపడి మెత్తగా నొక్కుతారు. క్లిక్ మని లాక్ పడేదాకా రెండు చివర్లా సమానంగా నొక్కండి. ఒకే స్టిక్ పెట్టి ట్రై చేయండి, నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. డీడీఆర్5 (కొత్త రకం ర్యామ్) సిస్టమ్స్‌లో ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి నిమిషాల తరబడి నల్ల స్క్రీనే ఉండొచ్చు, ఆ టైంలో ఆఫ్ చేయకండి, ర్యామ్‌ని సెట్ చేసుకుంటోందంతే.

అపోహ: పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే నీటుగా క్లీన్ అవుతుంది.

దయచేసి వద్దు. కంప్రెసర్ ట్యాంకులో గాలితో పాటు నీళ్ళు, ఆయిల్ చేరి ఉంటాయి, అవి నేరుగా బోర్డు మీద పడతాయి. మన ఊళ్ళో ఇది ఇంకా ప్రమాదం. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్ళలో దుమ్ములో సముద్రపు ఉప్పు కలిసి ఉంటుంది, పోర్టు వైపయితే నల్లటి పొడి. గాల్లో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తడిసిపోతుంది, తడిసిన ఉప్పులోంచి కరెంటు పారుతుంది, పిన్నులు పచ్చగా చిలుం పడతాయి, వానాకాలంలో అంత తేమ మనకి మామూలే. అందుకే పొడి గాలి వచ్చే చిన్న బ్లోయర్, మెత్తటి బ్రష్ వాడండి, ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని ఊదండి, లేకపోతే అది విపరీతమైన స్పీడుతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

అపోహ: కూలర్ తీసి కడిగి మళ్ళీ బిగిస్తే చాలు.

ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ కొత్తది వేయాలి, పాతది ఎండిపోయుంటే వేడి సరిగ్గా దాటదు. ఇంటెల్ స్టాక్ కూలర్‌కి నాలుగు పుష్ పిన్నులుంటాయి, ఒక్కటి దిగకపోయినా ప్రాసెసర్ వేడెక్కి సిస్టమ్ ఆన్ అయి కాసేపటికే ఆగిపోతుంది. పాత ఏఎమ్‌డీ ఏఎమ్4 (పిన్నులు ప్రాసెసర్ కిందే ఉండే రకం) వాళ్ళు మరీ జాగ్రత్త, పేస్ట్ గట్టిపడి కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగిపోతాయి. సిస్టమ్ కాసేపు నడిపి, పేస్ట్ వెచ్చబడ్డాక ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

అపోహ: బోర్డు మీదుండే గుండ్రటి సెల్ తీసి పెడితే అన్నీ సెట్.

కొన్నిసార్లు నిజంగానే పని చేస్తుంది. కానీ అలా సీమోస్ (బోర్డు సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ అయ్యాక బూట్ మోడ్ (సిస్టమ్ మొదలయ్యే పద్ధతి), సాటా మోడ్ (డిస్క్‌ని నడిపే పద్ధతి) మారిపోయి విండోస్ లోడ్ అవకపోవచ్చు, అప్పుడు హార్డ్‌డిస్క్ పోయిందని ఫార్మాట్ చేసేయకండి, ముందు బయోస్‌లో (బోర్డు సెట్టింగుల స్క్రీన్‌లో) పాత సెట్టింగ్ పెట్టి చూడండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని భయపడేవాళ్ళు కూడా ఉన్నారు. క్లీనింగ్‌కి దానికీ మామూలుగా సంబంధం ఉండదు, ముందు సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎస్ఎంపీఎస్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పకండి, ప్లగ్ తీసాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

ఇవన్నీ చూసాక కూడా లేవకపోతే అప్పుడు షాపుకి తీసుకురండి, ఏం విప్పారో దేంతో తుడిచారో దాచకుండా చెప్పండి, ఎవరూ ఏమీ అనరు. తడి గాలి కొట్టించారని ముందే తెలిస్తే పవర్ ఇవ్వకుండా బోర్డు బాగా ఆరబెట్టి, ఆల్కహాల్‌తో కడిగి, అప్పుడు ఆన్ చేస్తాం.