నాలుగు పక్కలు కొలిస్తే సెంట్లు తేలవు

ఉరవకొండ వైపు నుంచి ఒకాయన అడిగినాడు: "సార్, మా శెనక్కాయ చేను నాలుగు పక్కలా చైను పెట్టి కొలిచినాం, అన్నీ 250 లింకులే వచ్చినాయి, ఎన్ని సెంట్లు?" ఊర్లో ఎవరైనా టక్కున చెప్పేస్తారు. ఎదురెదురు పక్కలు కూడి సగం చెయ్, రెండూ గుణించు, 62,500 చదరపు లింకులు, వెయ్యికి ఒక సెంటు, అంటే 62న్నర సెంట్లు. నేనైతే చెప్పలేను అన్నా. ఎందుకంటే అదే 250 పక్కలతో చేను ఒక వైపుకి ఒరిగి, మూలలు (తూర్పుకి ఎన్ని లింకులు, ఉత్తరానికి ఎన్ని అని రాస్తే) (0,0), (250,0), (400,200), (150,200) దగ్గరుంటే ఉన్నది 50 సెంట్లే. మిగతా పన్నెండున్నర సెంట్లూ కాగితం మీద పండినాయి!

ఈ సగటు లెక్కతో తమాషా ఏందంటే అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, చేను పక్కా దీర్ఘచతురస్రమైతే తప్ప. అమ్మేవాడికి పండగ. 628లోనే బ్రహ్మగుప్తుడు దీన్ని ఉజ్జాయింపు లెక్క అని చెప్పి, పక్కనే వర్గమూలంతో కచ్చితమైన సూత్రం కూడా ఇచ్చినాడు, కాకపోతే అది నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటేనే పనిచేస్తుంది, మన చేలు అట్ల ఎక్కడుంటాయి.

బేతంచెర్ల దారిలో బండల దొంతర్లు చూసే ఉంటారు. కడప బండలు ఒకదాని మీద ఒకటి నిటారుగా పేర్చినారనుకోండి, పక్క నుంచి చూస్తే దీర్ఘచతురస్రం. ఇప్పుడు ఒక్కో బండనీ కింది దానికంటే కొంచెం కొంచెం కుడికి జరపండి. దొంతర ఒరిగి సమాంతర చతుర్భుజం అయింది (మెట్లు మెట్లుగా ఉంది కదా అంటారా, బండని కాగితమంత పల్చగా అనుకోండి). బండ పొడవు మారలే, దొంతర ఎత్తు మారలే, ఒక్క బండా తగ్గలే, కాబట్టి వైశాల్యమూ మారలే. పెరిగింది వాలుగా ఉన్న పక్క ఒక్కటే, టేపు పట్టుకున్నోడు కొలిచేది సరిగ్గా ఆ వాలునే.

ఇదే దొంతరని అంకెల్లో జరుపుదాం. ఒక మూల నుంచి రెండు గట్లు బయల్దేరినాయి, ఒకటి (4,1), అంటే తూర్పుకి 4, ఉత్తరానికి 1, ఇంకోటి (2,3). ఇవే వెక్టార్లు. బండల్ని మొదటి గట్టు వెంబడి వెనక్కి జరపండి, అంటే రెండో దాంట్లోంచి మొదటి దాంట్లో సగం తీసేయండి, (2,3) పోయి (0, 2.5) అయింది, నిటారు. ఇప్పుడు నిటారు దిక్కులో జరిపితే (4,1) కాస్తా (4,0). మిగిలింది దీర్ఘచతురస్రం, 4 ఇంటూ 2.5, పది. నేరుగా 4×3 − 1×2 చేసినా పదే. అదే డిటర్మినెంట్! ఒక అడ్డువరుసకి ఇంకో అడ్డువరుస గుణిజం కలిపితే డిటర్మినెంట్ విలువ మారదు అని ఇంటర్లో బట్టీ పట్టించినారే, అది ఈ బండల్ని జరపడమే. డిటర్మినెంట్లు ఒక చాప్టర్, వెక్టార్లు ఇంకో చాప్టర్, త్రిభుజ వైశాల్యం ఇంకెక్కడో, మూడూ ఒకటేనని చెప్పే నాథుడు లేడు, పరీక్షలో ప్రశ్న వస్తుందా రాదా అన్నదే గోల.

చేనుకి పద్నాలుగు మూలలున్నా ఇంతే. గడియారానికి ఎదురు దిశలో వరసగా పోతూ, పక్కపక్క మూలలు రెండేసి తీసుకుని ఇదే డిటర్మినెంట్ కట్టి, అన్నీ కూడి సగం చేయండి. ఈ సూత్రాన్ని 1769లో మైస్టర్ అనే జర్మన్ రాసినాడు. సున్నా బిందువు చేను లోపలే ఉండక్కర్లే, కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర పెట్టుకున్నా పర్లేదు. బురుజు నుంచి ఒక్కో గట్టుకీ ఒక్కో త్రిభుజం వస్తుంది (సమాంతర చతుర్భుజంలో సగం, అందుకే సగం చేసేది), అవతలి గట్లవి ప్లస్, ఇవతలి గట్లవి మైనస్, మధ్యలో ఉన్న ఊరూ రోడ్డూ హంద్రీ అన్నీ కొట్టుకుపోయి చేను ఒక్కటే మిగుల్తుంది. మైనస్ వచ్చిందని వైశాల్యానికి మాడ్యులస్ పెట్టేసే (అంటే మైనస్ గుర్తు తీసేసే) అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది, అది చివర్లో ఒక్కసారే పెట్టాలి.

ఈశాన్యం పెంచిన ప్లాట్ల సంగతి కూడా అడుగుతుంటారు. 40×60 అడుగుల ప్లాటుకి ఈశాన్యం మూలని రెండు వైపులా రెండేసి అడుగులు లాగితే డిటర్మినెంట్ లెక్క 2,500 చదరపు అడుగులు, సగటు లెక్క 2,503, తేడా మూడు చదరపు అడుగులే. కాబట్టి వాస్తు మీద నాకెన్ని కంప్లైంట్లు ఉన్నా ఇది మాత్రం కాదు.

ఇప్పుడు భూముల రీసర్వేలో రోవర్ (ఉపగ్రహాల సిగ్నల్‌తో చోటు చెప్పే పరికరం) పెట్టి మూలల కోఆర్డినేట్లే తీస్తున్నారు, లెక్క సులువు. ఫోన్లో చూపించే అక్షాంశ రేఖాంశాల్ని మాత్రం అట్లే సూత్రంలో వేసేయొద్దు, అనంతపురం దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 110.6 కిలోమీటర్లు, రేఖాంశం 108కి కొంచెం తక్కువ. మీటర్లలోకి మార్చి, ఒక మూలని సున్నా చేసి మిగతా వాట్లోంచి తీసేస్తే పెద్ద పెద్ద అంకెల బాధ కూడా పోతుంది. మార్చేటప్పుడు యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా కోసి మీటర్లలో చెప్పే పద్ధతి) జోన్ చూసుకోండి, 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది, అనంతపురం 43లో ఉంది, కర్నూలు గీత దాటి కొంచెం అవతల, 44లో.